విద్యార్థి సహవాసం నుండి డోర్నకల్ వరకు: బిషప్ అజరయ్య జీవితం

సూర్యాపేట నుండి గాని, కోదాడ నుండి గాని ఖమ్మం చేరి, అక్కడ కాజీపేట వైపు పోయే రైలెక్కితే కొద్దిసేపటికే డోర్నకల్ జంక్షన్ వస్తుంది. మిర్యాలగూడ వారికి మరికొంత ప్రయాణం. సింగరేణి బొగ్గు కోసం నైజాము కాలంలో వేసిన రైలుదారి అక్కడనే చీలి గనుల వైపు పోతుంది. చాలామంది ప్రయాణికులకు డోర్నకల్ అంటే బండి మారే చోటు మాత్రమే. కాని స్టేషను దాటి ఊరిలోనికి నడిచిన వారికి ఒక విచిత్రమైన కట్టడం కనబడుతుంది. దూరం నుండి చూస్తే గుమ్మటాలు, మినార్లు. దగ్గరకు పోతే దేవాలయ మండపాలను తలపించే స్తంభాలు, వాటిపై తామరపూల పనితనం. లోపల అడుగు పెడితే అది క్రైస్తవుల ప్రార్థనా మందిరం. హిందూ, ఇస్లాం, క్రైస్తవ శిల్పరీతులు మూడింటినీ ఒకే కప్పు క్రిందికి తెచ్చిన ఆ కెథడ్రల్ 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠితమైనది. దానిని కట్టించిన వారు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. భారతీయులలో మొట్టమొదటి ఆంగ్లికన్ బిషప్. పుట్టుకచేత తమిళుడు. బ్రతికిన బ్రతుకులో సగానికి పైగా తెలుగువాడు.

బిషప్‌గా అజరయ్యగారిని గూర్చి వ్రాసినవారు లేకపోలేదు. కాని ఆయన జీవితంలో ఒక భాగం మీద అంతగా దృష్టి పడలేదని నా అభిప్రాయం. బిషప్ కావడానికి ముందు పదునాలుగు సంవత్సరాలపాటు ఆయన చేసిన పని విద్యార్థుల మధ్య. కళాశాలల చుట్టూ తిరిగి, పదిమంది కుర్రవాళ్ళను ఒక గదిలో కూర్చోబెట్టి, గ్రంథం చదివించి, ఆ పిమ్మట వారిని పేదవాడల లోనికి తీసుకొనిపోవడం. తరువాత ఆయన సాధించినదంతా ఆ చిన్న గదులలో మొలకెత్తినదే. కళాశాల పత్రికకు ఆ భాగమే ముఖ్యం గనుక దానినే కొంచెం విస్తరించి వ్రాస్తాను.

అజరయ్య 1874 ఆగస్టు 17న తిరునల్వేలి ప్రాంతంలోని వెళ్ళాలన్‌విళై అనే పల్లెలో జన్మించారు. తండ్రి థామస్ వేదనాయగం ఆ పల్లెలో ఆంగ్లికన్ గురువు. నాడార్ కులంలో పుట్టి, మిషను బడిలో చదువుకొనే రోజులలో క్రైస్తవుడైనవాడు. వివాహమై చాలా సంవత్సరాలు పుత్రసంతానం లేక, మ్రొక్కుకొనగా పుట్టిన బిడ్డ గనుక, బైబిలు కథలోని ప్రార్థనాఫలమైన బాలుని పేరే శామ్యూల్ అని పెట్టుకున్నారు. పిల్లవాడు పెద్దవాడు కాకమునుపే తండ్రి గతించారు. తల్లి ఎల్లెన్ కఠినమైన క్రమశిక్షణతో పెంచింది. మెజ్ఞానపురం, పాళయంకోట బడులలో చదువు ముగించుకొని మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరారు.

ఆనాటి మద్రాసు క్రైస్తవ కళాశాల దక్షిణాపథానికంతకూ విద్యాకేంద్రం. స్కాట్లండు దేశీయుడైన విలియం మిల్లర్ దాని అధిపతి. అజరయ్యకు గణితం ఇష్టం. అక్కడనే సేలం నుండి వచ్చిన కె.టి. పాల్ అనే యువకుడు ఆయనకు మిత్రుడైనాడు. ఈ పేరు పాఠకులు జ్ఞాపకం ఉంచుకోవాలి, మరల వస్తుంది. బి.ఏ. చివరి పరీక్షలు సమీపించిన సమయంలో అజరయ్య జబ్బుపడ్డారు. పరీక్ష వ్రాయలేకపోయారు. తిరిగి వ్రాయడానికీ పూనుకోలేదు. డిగ్రీ లేకుండానే కళాశాల విడిచారు. ఆ రోజులలో బి.ఏ. అన్న రెండక్షరాలకు ఉన్న విలువ మన తాతగార్లను అడిగితే తెలిసేది. గుమాస్తా ఉద్యోగం నుండి పెండ్లి సంబంధం వరకు అన్నిటికీ అదే తాళపుచెవి. అది లేకుండా 1895లో ఆయన వై.యం.సి.ఏ. అనే యువజన క్రైస్తవ సంఘంలో కార్యదర్శిగా చేరారు. వయస్సు ఇరువది ఒకటి.

ఈ సంఘం చరిత్ర రెండు మాటలలో చెప్పాలి. 1844లో లండను నగరంలో జార్జి విలియమ్స్ అనే బట్టల దుకాణపు ఉద్యోగి తనవంటి పనివారిని కొందరిని కూడగట్టి ప్రార్థనకు, పఠనానికి ఒక చిన్న సంఘం పెట్టాడు. పల్లెలు విడిచి పట్నం చేరి దిక్కుతోచక తిరిగే యువకులకు అది ఒక నీడ. ఆ సంఘం సముద్రాలు దాటి 1890లో మద్రాసులో నెలకొన్నది. అజరయ్య చేరిన 1895వ సంవత్సరంలోనే స్వీడను దేశంలోని వాడ్‌స్టేనా అనే చోట అమెరికా యువకుడు జాన్ మాట్, మరికొందరు కలిసి ప్రపంచ విద్యార్థి క్రైస్తవ సమాఖ్యను స్థాపించారు. వెంటనే మాట్ ప్రపంచయాత్రకు బయలుదేరి మన దేశానికీ వచ్చాడు. కళాశాల కళాశాలకూ పోయి విద్యార్థి బృందాలను ఏర్పాటు చేశాడు.

ఆ బృందాల పద్ధతి ఏమిటి? చెప్పుకొనడానికి చాలా సులభం, ఆచరించడానికి కష్టం. తెల్లవారుజామున, హాస్టలు మేల్కొనకముందే లేచి, ఎవరికి వారు ఒంటరిగా కొంతసేపు గ్రంథపఠనం, ప్రార్థన. వారానికొకసారి చిన్న గుంపుగా కూర్చొని ఒక అధ్యాయం తీసుకొని చర్చించడం. అందులో ఉపన్యాసకుడంటూ వేరుగా ఉండడు. నాయకుడు కూడా విద్యార్థే. ప్రతివాడూ తాను చదివివచ్చినది చెప్పాలి, తెలియనిది అడగాలి. ఆ తరువాత సేవ. ఆసుపత్రులలో దిక్కులేని రోగులను పరామర్శించడం, రాత్రి బడులలో అక్షరాలు దిద్దించడం, సెలవు దినాలలో సమీపగ్రామాలకు పోవడం. ఈ మూడింటిలో ఏది విడిచినా మిగిలిన రెండూ చప్పబడతాయని ఆ ఉద్యమకారులు నమ్మేవారు. చదువు లేని సేవ ఆవేశంగా, సేవ లేని చదువు అహంకారంగా మారుతుందని వారి అనుభవం. రంజాను మాసంలో సహరీకి లేచి ఖురాను పారాయణం చేసే మన విద్యార్థులకు, ఏకాదశి నాటి వేకువను ఎరిగిన వారికి ఆ తెల్లవారుజాము చదువులోని రుచి వేరుగా చెప్పనక్కరలేదు.

1896లో షేర్వుడ్ ఎడ్డీ అనే అమెరికన్ వై.యం.సి.ఏ. పనిమీద మన దేశానికి వచ్చాడు. యేల్ విశ్వవిద్యాలయ పట్టభద్రుడు, ధనికుల బిడ్డ. జీతం పుచ్చుకొనకుండా తన సొంత సొమ్ముతో పని చేసినవాడు. అజరయ్య, ఎడ్డీ కలిసి దక్షిణ దేశమంతా తిరిగారు. ఎడ్డీ తమిళం నేర్చుకున్నాడు. ఒకడు పాలకుల వర్ణంవాడు, వేరొకడు పాలితుల వర్ణంవాడు. రైలుపెట్టెలు, క్లబ్బులు, కొన్నిచోట్ల ప్రార్థనా మందిరాలలోని బల్లలు కూడ తెల్లవారికి వేరు, నల్లవారికి వేరుగా ఉన్న కాలమది. అటువంటి కాలంలో వీరిరువురూ ఒకే విస్తరి ముందు కూర్చొని, ఒకే గదిలో పండుకొని, ఒకరి తప్పులు ఒకరు మొగమాటం లేకుండా చెప్పుకొనగలిగే స్నేహితులైనారు. ఇది చిన్న సంగతిగా కనబడవచ్చు. అజరయ్య జీవితంలో ఇంతకంటె పెద్ద సంగతి లేదని నేననుకుంటాను. ఎందుకో ముందు తెలుస్తుంది.

1898లో ఆయనకు అన్బు మరియమ్మాళ్‌తో వివాహం జరిగినది. దక్షిణ భారత క్రైస్తవ స్త్రీలలో కళాశాల చదువు చదివిన తొలితరం వారిలో ఆమె ఒకరు. వీరికి నలుగురు కుమారులు, ఇరువురు కుమార్తెలు. భర్త ఊరూరా తిరుగుతూ ఉంటే సంసారం ఈదినది ఆమె. డోర్నకల్‌కు వచ్చిన పిమ్మట గ్రామోపదేశకుల భార్యలకు చదువు, కుట్టుపని, ఆరోగ్య సూత్రాలు నేర్పిన పెద్దదిక్కు ఆమెయే. ఇటువంటి స్త్రీలను గూర్చి చరిత్రలు రెండు వాక్యాలతో సరిపుచ్చుతాయి. నేనూ అంతే చేస్తున్నాను.

1902లో అజరయ్య సింహళంలోని యాళ్పాణానికి పోయారు. అక్కడి తమిళ క్రైస్తవులు పరాయి సొమ్ము కొరకు ఎదురుచూడక తమ చందాలతోనే ఒక సేవాసంఘం నడుపుకొంటున్నారు. అది చూచి ఆయనకు సిగ్గు కలిగినది. తిరునల్వేలిలో క్రైస్తవం వేళ్ళూని తరాలు గడిచినవి. అయినా అన్నిటికీ ఇంగ్లండు వైపే చూపు. స్వగ్రామానికి తిరిగివచ్చి మిత్రులను కూడగట్టి 1903 ఫిబ్రవరి 12న తిరునల్వేలి భారతీయ మిషనరీ సంఘాన్ని స్థాపించారు. మనుష్యులు మనవారే, సొమ్ము మనదే, పెత్తనమూ మనదే అన్నది దాని నియమం. ఎక్కడ పనిచేయాలని వెదకి వెదకి వారు ఎన్నుకున్నది నైజాము రాజ్యంలోని మానుకోట, డోర్నకల్ ప్రాంతం. భాష తెలియదు, బంధువు లేడు, ప్రభుత్వం వేరు, నాణెం కూడ వేరు. 1904లో ఆ సంఘపు మొదటి ప్రచారకులు ఆ తమిళదేశం నుండి మన తెలంగాణా నేలమీద అడుగుపెట్టారు.

మరుసటి సంవత్సరం బెంగాలు విభజన జరిగి దేశమంతటా స్వదేశీ ఉద్యమం చెలరేగినది. ఆ 1905వ సంవత్సరం డిసెంబరు 25న కలకత్తా సమీపంలోని శ్రీరాంపూరులో, విలియం కేరీ గ్రంథాలయంలో, దేశం నలుమూలల నుండి వచ్చిన భారతీయ క్రైస్తవులు జాతీయ మిషనరీ సంఘాన్ని నెలకొల్పారు. అజరయ్య దానికి కార్యదర్శి. బట్టలలోను, ఉప్పులోను రావలసిన స్వదేశీ భావం మతసంస్థలలోనికి అంత ముందుగా వచ్చినదన్న సంగతిని మన చరిత్ర పుస్తకాలు పట్టించుకొనలేదు. ఇందులో ఆయనకు కుడిభుజంగా నిలిచినవాడు పాత సహాధ్యాయి కె.టి. పాల్. ఆ పాల్ తరువాత 1916లో వై.యం.సి.ఏ.కు భారతీయులలో మొదటి జాతీయ ప్రధాన కార్యదర్శి అయినాడు. పట్నపు విద్యార్థులతో ఆగిన సంఘాన్ని పల్లెలకు మరల్చి, సహకార పరపతి సంఘాలు, కోళ్ళ పెంపకం, తేనెటీగల పెంపకం వంటి గ్రామ పునర్నిర్మాణ కార్యాలు చేపట్టాడు. 1930లో రౌండ్ టేబుల్ సమావేశానికి పోయివచ్చి, మరుసటి సంవత్సరమే మరణించాడు.

1907లో ప్రపంచ విద్యార్థి క్రైస్తవ సమాఖ్య సమావేశం టోక్యో నగరంలో జరిగినది. ఆసియా ఖండంలో అంత పెద్ద అంతర్జాతీయ సమావేశం జరగడం అపూర్వం. రెండేండ్ల క్రితమే రష్యాను ఓడించిన జపాను అది. ప్రతినిధిగా పోయిన అజరయ్య అక్కడ ఆసియావాసులు తమ సంస్థలను తామే నడుపుకొంటూ, తెల్లవారితో సమానంగా కూర్చొని మాట్లాడడం చూచారు. ఇంటికి వచ్చిన తరువాత ఆయన మనస్సు నిలువలేదు. డోర్నకల్‌కు ఇతరులను పంపి తాను మద్రాసులో కూర్చొనడం న్యాయమా అన్న ప్రశ్న పట్టుకున్నది. 1909లో గురుపట్టం పొంది, కార్యదర్శి పదవి వదలి, భార్యాబిడ్డలతో డోర్నకల్ చేరారు. అప్పటికి వయస్సు ముప్పదియైదు. ఆ వయస్సులో అ ఆలు దిద్దుకొని తెలుగు నేర్చుకున్నారు. తెలుగు బోధించే వృత్తిలో ఉన్నవాడిగా ఈ సంగతి దగ్గర నేను కొంచెం ఆగుతాను. తమిళునికి తెలుగు సులభమనుకొనడం పొరపాటు. మన వత్తులు, మహాప్రాణాలు తమిళంలో లేవు. పైగా ఆయన నేర్చుకొనవలసినది పుస్తకాల తెలుగు కాదు, మాలవాడలో, మాదిగవాడలో పలికే తెలుగు. నేర్చుకున్నారు. ఆ భాషలోనే బోధించారు, వ్రాశారు, వాదించారు. కచ్చేరీలో ఉర్దూ, బడిలో ఉర్దూ, తెలుగుకు తావే లేని రాజ్యంలో తెలుగులోనే గురువులను తయారు చేసే బడి పెట్టారు. ఇంగ్లీషు రానివాడు గురువు కాకూడదన్న నియమాన్ని ఆయన అంగీకరించలేదు.

1910 జూన్ మాసంలో స్కాట్లండులోని ఎడింబరో నగరంలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగినది. సుమారు పన్నెండువందల మంది ప్రతినిధులు. అందులో ఆసియావాసులు ఇరువదిమందికి మించలేదు. దేశీయ, విదేశీయ సేవకుల పరస్పర సహకారం గూర్చి మాట్లాడడానికి అజరయ్యను నిలబెట్టారు. ఆయన మర్యాదకు నాలుగు పొగడ్తలు చెప్పి కూర్చోవచ్చును. కాని ఆయన చెప్పిన మాట వేరు. మిషనరీలు మా కొరకు ధనం ఇచ్చారు, ఆరోగ్యం ధారపోశారు, కొందరు ప్రాణాలే ఇచ్చారు, అందుకు మా జాతి ఋణపడి ఉన్నది. కాని ఇండ్లకు పిలిచి ప్రక్కన కూర్చోబెట్టుకొనడం, భోజనానికి రమ్మనడం మాత్రం అరుదుగా చేశారు. మాకు ఇప్పుడు కావలసినది స్నేహం అని సారాంశం. సభలో కలకలం బయలుదేరినది. కొందరికి కోపం వచ్చినది. కొందరు తలలు వంచుకున్నారు. ఆ మహాసభలో జరిగిన ప్రసంగాలు వందలకొలది మరుగునపడినా ఈ ఒక్కటి నేటివరకు నిలిచినది.

అజరయ్యకు ఆ మాట ఎక్కడినుండి వచ్చినది? కడుపుమంట నుండి వచ్చినదని కొందరు అన్నారు. నేను ఒప్పుకొనను. ఎడ్డీతో కలిసి పదేండ్లకు పైగా అనుభవించిన స్నేహం నుండి వచ్చినది. నిజమైన స్నేహం ఏమిటో ఎరిగినవాడు గనుకనే దయకు, స్నేహానికి మధ్య తేడా ఆయన కొలవగలిగాడు. ఉర్దూలో మెహర్బానీ అన్న మాట వేరు, దోస్తీ అన్న మాట వేరు. మొదటిది పైనుండి క్రిందికి ప్రవహిస్తుంది. రెండవదానికి పల్లం అక్కరలేదు.

అజరయ్యను బిషప్ చేయాలని మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ పట్టుబట్టారు. అది సులభంగా జరుగలేదు. నల్లవాని చేతిక్రింద తెల్ల గురువులు ఎట్లు పనిచేస్తారన్నది ఒక వర్గపు ఆక్షేపణ. ఆయన పుట్టిన కులం పేరెత్తినవారు మనవారిలోనే ఉన్నారు. అన్నిటినీ దాటి 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్ కెథడ్రల్‌లో అభిషేకం జరిగినది. మొదట డోర్నకల్ చుట్టూరా చిన్న అధ్యక్ష మండలం. తరువాత కృష్ణా, గోదావరి తీరాల తెలుగు ప్రాంతాలు కూడ చేరి అది చాలా పెద్దదైనది. పూర్వం పరీక్ష తప్పిపోయిన ఆ విద్యార్థికి 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు నిచ్చినది.

డోర్నకల్‌లో ఆయన దినచర్య విద్యార్థి బృందాల దినచర్యయే. తెల్లవారకముందే లేచి పఠనం. పగలు బడి, పొలం, పంచాయతీలు. సంవత్సరంలో చాలా దినాలు ఎడ్లబండి మీద, కాలినడకన పల్లెల పర్యటన. ఆయన ప్రజలలో అత్యధికులు మాల, మాదిగ కులాలవారు, దొరల పొలాలలో పనిచేసి చీకటి పడిన తరువాత గాని ఇల్లు చేరనివారు. కనుక సభలన్నీ రాత్రిపూట, లాంతరు వెలుగులో. అక్షరం రానివారికి ప్రార్థనలు, విశ్వాస సూత్రాలు కంఠస్థం చేయించేవారు. తెలుగు కీర్తనలను, భజనలను ప్రోత్సహించారు. బాప్తిస్మం పొందే ప్రతివ్యక్తి తన చేయి తన తలమీద పెట్టుకొని, పొందిన సంగతి పదిమందికి చెప్పుతానని ఒట్టు పెట్టుకోవాలి. పండితుడైనా పాలేరైనా ఇదే. మాలలు, మాదిగలు కలిసి కూర్చొని భుజించాలని పట్టుబట్టారు. మన పల్లెలు ఎరిగినవారికి అది ఎంత పెనుగులాటో తెలుసును. మురికి, రోగం, అప్పు, తాగుడు అన్న నాలుగింటినీ దయ్యాలుగా ఎంచి వాటితో యుద్ధం చేశారు.

ఇంకొకటి. ఇచ్చుట నేర్వని సంఘం నిలువదని ఆయన సిద్ధాంతం. క్రైస్తవుల దానధర్మాన్ని గూర్చి ఒక చిన్న పుస్తకమే వ్రాశారు. కూలివాని వద్ద ఏమున్నదని ఇస్తాడు? కోతల పండుగనాడు గంపెడు వడ్లు, కోడి, గుడ్లు, గుమ్మడికాయ, ఏది ఉంటే అది. డోర్నకల్ కెథడ్రల్ పూర్తికావడానికి దాదాపు పాతిక సంవత్సరాలు పట్టడానికి కారణం ఇదే. విదేశాలలో చేయి చాపితే త్వరగా లేచేది. ఈ నేలమీద జకాత్ అన్న మాట వినని పల్లె ఉండదు, కనుక పేదవాని చేత కూడ ఇప్పించడంలోని మర్మం వివరించడం అనవసరం.

ఆయన పనిని అందరూ మెచ్చుకున్నారనడం అసత్యం. ఆయన కాలంలో ఆ మండలంలో క్రైస్తవుల సంఖ్య అనేక రెట్లు పెరిగి రెండు లక్షలు దాటినది. 1930ల నడుమ ఈ సామూహిక మతమార్పిడులను గాంధీజీ తన హరిజన్ పత్రికలో తీవ్రంగా విమర్శించారు. నిరుపేదలు మతసత్యాలు తెలిసి మారుతున్నారా అన్నది ఆయన సందేహం. పేదవానికి మాత్రం మనస్సు, అంతరాత్మ లేవా అన్నది అజరయ్య సమాధానపు సారాంశం. ఇరువురూ అంటరానితనాన్ని ద్వేషించినవారే, ఇరువురూ నిష్ఠాపరులే. ఈ వివాదంలో తీర్పు చెప్పడానికి ఈ వ్యాసకర్త చాలడు. ఒక్కటి మాత్రం గమనించాలి. తన మనస్సును తానే నిర్ణయించుకొనే హక్కు కూలివానికి ఉన్నదా అన్న ప్రశ్న నేటికీ పాతబడలేదు.

1932లో బ్రిటిషు ప్రభుత్వం మతాలవారీ నియోజకవర్గాలు ప్రకటించినప్పుడు అజరయ్య తమవారికి ప్రత్యేక నియోజకవర్గం వద్దని బహిరంగంగా వాదించారు. రౌండ్ టేబుల్ సమావేశంలో కె.టి. పాల్ వైఖరి కూడ ఇదే. అల్పసంఖ్యాకులకు గోడకట్టి రక్షణ కల్పిస్తే ఆ గోడ క్రమంగా చెరసాల అవుతుందని, పొరుగువానితో సంబంధం తెగిపోతుందని ఆయన భయం. అల్పసంఖ్యాకుల కళాశాలలో పనిచేసే మేము ఈ వాదాన్ని అంత తేలికగా అంగీకరించలేము, అంత తేలికగా త్రోసివేయలేము. రక్షణ అవసరమైన సమయాలు ఉన్నవి. కాని ఏ లాభమూ ఆశింపక, తన సమాజానికి దక్కబోయే పదవులను కాదన్న మనిషి నిజాయితీని శంకింపజాలము.

లోపాలు లేవా? ఉన్నవి. ఆంగ్లికన్ సంఘ సంప్రదాయాల మీద ఆయనకు మక్కువ ఎక్కువ. పెత్తనం గట్టిగా చేసే స్వభావం. స్వాతంత్ర్యోద్యమంలో ప్రత్యక్షంగా దిగలేదు. ఆయన ప్రజలను అణచివేసిన వెట్టిచాకిరీ, దొరల భూస్వామ్యం మీద రాజకీయ పోరాటం ఆయన మార్గం కాదు. ఆయన కన్నుమూసిన కొద్దికాలానికే ఇదే నల్లగొండ, సూర్యాపేట, మానుకోట నేలమీద ఆ ప్రశ్న తుపాకులతో లేచినది. బడి, శుభ్రత, పొదుపు, ఆత్మగౌరవం అన్నవే ఆయన ఆయుధాలు. అవి చాలినవా, చాలలేదా అని చరిత్ర విద్యార్థులు తేల్చుకొందురు గాక.

జీవితపు చివరి భాగంలో ఆయన తపన అంతా సంఘాల ఐక్యత కొరకు. ఒకే వాడలో ఒకడు ఆంగ్లికన్, ఒకడు మెథడిస్టు, ఒకడు బాప్టిస్టు. ఇంగ్లండులోను, అమెరికాలోను ఎన్నడో పుట్టిన తగవులు మన పాలేరు ఎందుకు మోయాలి? 1919లో తరంగంబాడిలో సమావేశమై ఐక్యతకు పిలుపునిచ్చినవారిలో ఆయన ముఖ్యులు. 1927లో స్విట్జర్లాండులోని లొసాన్ నగరపు మహాసభలో కూడ ఈ విషయమే నొక్కి చెప్పారు. 1938 డిసెంబరులో ప్రపంచ క్రైస్తవ ప్రతినిధులు మద్రాసు సమీపాన తాంబరంలో సమావేశమైనప్పుడు భారతదేశం పక్షాన స్వాగతం పలికిన పెద్ద ఆయనే. సభ జరిగిన చోటు మద్రాసు క్రైస్తవ కళాశాల కొత్త ఆవరణ. నలుబదియేండ్లకు ముందు డిగ్రీ లేకుండా ఆయన విడిచివచ్చిన కళాశాల అదే.

విద్యార్థి బృందాల పని ఆయనతో ఆగలేదు. 1912లో మన దేశపు విద్యార్థి క్రైస్తవ ఉద్యమం ప్రత్యేక సంస్థగా రూపొందినది. 1954లో సువార్త విద్యార్థుల సంఘం ఒకటి వేరుగా ఏర్పడి అదీ కళాశాలలలో వ్యాపించినది. పదిమంది గుంపు, ఒక గ్రంథం, ఒక సేవాకార్యం అన్న పాత పద్ధతి రెండింటిలోను కనబడుతుంది. విజయవాడలో అజరయ్యగారి పేరిట బాలికల ఉన్నత పాఠశాల ఉన్నది.

1944 డిసెంబరు చివరి దినాలలో ఆయన స్వల్పంగా అస్వస్థులైనారు. 1945 జనవరి 1వ తేదీన డోర్నకల్‌లోనే కన్నుమూశారు. డెబ్బదియొక్క సంవత్సరాలు నిండలేదు. దాదాపు మూడేండ్ల పిమ్మట, దేశం స్వతంత్రమైన ఆరువారాలకు, 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథడ్రల్‌లో ఆయన కోరిన ఐక్య దక్షిణ ఇండియా సంఘం ఆవిర్భవించినది. అప్పటికి ఆయన డోర్నకల్‌లో, తాను పాతిక సంవత్సరాలు కట్టించిన ఆ గుమ్మటాల నీడన, మట్టిలో ఉన్నారు.